మందు లేదని తేలాక

మా పాప కీళ్ల జబ్బుకి మందు లేదని తేలాక మేం చేసిన మొదటి పని, అప్పటిదాకా వాడుతున్న మందులు ఆపడం. వినడానికి వింతగానే ఉంటుంది. కానీ జన్యుపరీక్ష చేయించామని తెలిసిన ప్రతివాళ్లూ "మందే లేనప్పుడు తెలుసుకుని ఏం లాభం?" అనే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, సర్కారు బడిలో లెక్కలు చెప్పే టీచర్ని. ఇది మా పాప సంగతి. మీ పిల్లల సంగతి మీ డాక్టరే చెప్పాలి.

నాలుగేళ్లు దాటాక పాప వేళ్ల కణుపులు లావెక్కడం మొదలైంది. ముందు బొద్దుగా ఉన్నాయిలే అనుకున్నాం. తర్వాత పిడికిలి బిగించమంటే వేలి కొసలు అరచేతికి ఆనేవి కావు. అన్నం ముద్ద చేయడం చేతకాక స్పూను అడిగేది. బాసింపట్టు వేసుకుని కూర్చోమంటే కాసేపటికే కాళ్లు చాపేసేది. "పెన్సిల్ గట్టిగా పట్టుకోవడం లేదు, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి" అని యూకేజీ మేడం డైరీలో ఎర్రపెన్నుతో రాసి పంపేది. జ్వరం లేదు. కీళ్ల దగ్గర ఎరుపు లేదు, ముట్టుకుంటే వేడి లేదు. బాగా నడిచిన రోజు మాత్రం రాత్రి కాళ్లు పిసకమనేది.

మా అత్తమ్మ నువ్వులనూనె మర్దన మొదలుపెట్టింది. ఊళ్లో వాళ్లయితే ఒక్కమాటలో తేల్చేశారు, ఫ్లోరైడ్ అని. మాది నల్లగొండ జిల్లా. మా దిక్కు ఎవరి కాళ్లు వంగినా, నడుం పట్టేసినా నీళ్ల మీదికే పోతుంది, అందులో వాళ్ల తప్పేం లేదు, ఆ నీళ్లు అలాంటివి. కానీ పాప పుట్టింది, పెరిగింది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఆ బోరునీళ్లు తాగిందే లేదు.

ఒక పెద్దాసుపత్రిలో చూపిస్తే పిల్లలకి వచ్చే కీళ్లవాతం అన్నారు. ఒంట్లో వాపు, మంట ఉంటే పెరిగే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ నార్మల్. మరి వాతమైతే అవి పెరగాలి కదా అంటే, కొందరు పిల్లల్లో పెరగవు అన్నారు. అది అబద్ధమేం కాదు, నిజంగానే కొందరిలో పెరగవట. మెథోట్రెక్సేట్ అనే వాతం మాత్ర వారానికోసారి, దానికి తోడు ఫోలిక్ యాసిడ్, రోజూ కొద్దిగా స్టెరాయిడ్. మేం ఆదివారం పెట్టుకున్నాం, బడి ఉండదని. దాంతో ఆదివారం అంటేనే పాపకి భయం పట్టుకుంది. పొద్దున మాత్ర పడితే సాయంత్రం దాకా వికారం. పక్కింటి నుంచి మటన్ కూర తాలింపు వాసన వస్తే చాలు, బాత్రూంలోకి పరుగు. కాలేయం ఎలా ఉందో చూడ్డానికి తరచూ రక్తపరీక్ష. ఇంత చేసినా వేళ్లు లావెక్కుతూనే ఉన్నాయి. తగ్గడం లేదంటే డోసు పెంచారు.

మా స్కూల్లో సోషల్ మేడం పోరు పడలేక ఇంకో ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. రిపోర్టులు పక్కన పెట్టి, ఎక్స్‌రే ఫిల్ములు ఇవ్వమన్నాడాయన. ఒక్కోటీ లైటుకి పెట్టి చూశాడు. తర్వాత పాప చూపుడువేలి కణుపుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కి, నన్నూ నొక్కి చూడమన్నాడు. "వాపైతే మెత్తగా తగుల్తుందమ్మా. ఇది గట్టిగా ఉంది. ఎముక చివరే లావైంది." రెండేళ్లుగా ఆ వేళ్లు పట్టుకుని రోడ్డు దాటిస్తున్నా, ఆ తేడా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన వెన్నెముక ఎక్స్‌రే రాశాడు. చేతులు బాగాలేవంటే నడుంకి ఎక్స్‌రే ఏంటని మా ఆయన కారిడార్‌లో గొణుగుతూనే తీయించాడు. ఫిల్ము చూశాక ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న.

"మీది మేనరికమా?"

అవును. మా ఆయన నాకు మేనత్త కొడుకు. మా నాన్న, మా అత్తమ్మ సొంత అన్నాచెల్లెళ్లు.

అక్కడి నుంచి ఆయన చీటీ రాసి పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగానికి పంపాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రో నేరుగా ఉండటం ఒక్కటే ఈ వ్యవహారం మొత్తంలో మాకు తేలికైన విషయం. ఓపీ లైను, చీటీలు, బిల్లు కౌంటర్ల సంగతి రాయను, నగరంలో ఏ ఆసుపత్రికి వెళ్లినవాళ్లకైనా అవి తెలిసినవే.

నేను అనుకున్నది వెళ్లగానే రక్తం తీస్తారని. తీయలేదు. ముందు కొలతలు. మామూలు పిల్లల డాక్టర్ల దగ్గర గోడ మీద జిరాఫీ బొమ్మ పక్కన నిలబెట్టి ఎత్తు చూస్తారే, అలా కాదు. చెప్పులు, జుట్టు క్లిప్పులు తీయించారు. మడమలు, పిరుదులు, భుజాలు, తల వెనకభాగం పలకకి ఆనించి, చూపు నేరుగా ఉండేలా గడ్డం పట్టుకుని సరిచేసి, ఊపిరి పీల్చమని అప్పుడు పైన అడ్డపట్టీ దించారు. తర్వాత పీట మీద కూర్చోబెట్టి కూర్చున్న ఎత్తు. తర్వాత చేతులు బార్లా చాపించి, ఈ చేతి మధ్యవేలి కొస నుంచి ఆ చేతి మధ్యవేలి కొస దాకా టేపు. పాప వేళ్లు పూర్తిగా చాచలేదు కదా, ఆ సంగతి కూడా పక్కన రాసుకున్నారు. ఒక్కోటీ మళ్లీ మళ్లీ కొలిచారు. చివరికి తేలిందేమిటంటే, కాళ్లూ చేతులూ వయసుకి తగ్గట్టే పెరుగుతున్నాయి, మొండెమే వెనకబడింది. వెన్నుపూసలు చదునుగా అయిపోవడం వల్ల. బార, అంటే చేతులు చాచిన కొలత, ఎత్తుకన్నా ఎక్కువొచ్చింది.

ఆ జూనియర్ డాక్టరమ్మ పాప టీకాల కార్డు అడిగింది. అదృష్టం, బీరువాలో చీరల కింద ఉంది. పుట్టినప్పటి నుంచి టీకా వేయించినప్పుడల్లా రాసిన బరువు, ఎత్తు అందులో ఉన్నాయి. ఆ చుక్కలన్నీ పెరుగుదల చార్టు మీద పెట్టి కలిపింది. ఐదేళ్ల దాకా ఒక చార్టు, ఆ పైన పద్దెనిమిదేళ్ల దాకా మన దేశపు పిల్లల కొలతలతో పిల్లల వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన ఇంకో చార్టు. మూడున్నరేళ్ల దాకా గీత చక్కగా మధ్యలో పోతోంది. ఆ తర్వాత మెల్లగా కిందికి జారింది. రోజూ గ్రాఫులు గీయించే నాకు ఆ గీత చదవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. వేళ్లు లావెక్కకముందే ఎత్తు తగ్గడం మొదలైంది. స్కూల్లో ఏటా హెల్త్ చెకప్ అని కొలిచి కార్డు మీద వేస్తారు, ఆ అంకెలు ఎవరైనా కలిపి చూస్తారా అని నాకు ఇప్పటికీ అనుమానమే. మా బడిలో అయితే చూడరు, ఆ రిజిస్టరు నా దగ్గరే ఉంటుంది కాబట్టి చెబుతున్నా. చూడరు అన్నా కదా, చూసేవాళ్లం కాదు అనాలి. ఇప్పుడు చూస్తున్నా.

తర్వాత వంశవృక్షం. తెల్లకాగితం మీద మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి గుండ్రం. మా ఇద్దరి మధ్య ఒక గీత కాదు, రెండు గీతలు, దగ్గరి సంబంధమని గుర్తు. పాప గుండ్రాన్ని నల్లగా నింపి పక్కన చిన్న బాణం. పైకి పోతూ ఉంటే నాకు తెలిసిన పేర్లు అయిపోయాయి. మా నాన్నకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. పిల్లలు పుట్టి పోయినవాళ్లున్నారా, నడవలేనివాళ్లున్నారా, పొట్టిగా ఉన్నవాళ్లున్నారా అని డాక్టరమ్మ ఓపిగ్గా ఒక్కొక్కటీ అడుగుతుంటే మా నాన్న ఉన్నట్టుండి అన్నాడు: "మా అమ్మకి ఓ తమ్ముడు ఉండె. చిన్నమామ. చేతులు కొంకర్లు పోయి ఉండె, కర్ర పట్టుకొనే నడుస్తుండె. ఫ్లోరైడే అనుకున్నం అందరం." ఆయన అమ్మానాన్నలదీ మేనరికమేనా అంటే, "ఆ కాలంల బయట పిల్లనెవలిస్తరమ్మా" అన్నాడు. ఆ చదరాన్ని డాక్టరమ్మ నల్లగా నింపలేదు. లోపల ప్రశ్నార్థకం పెట్టి వదిలేసింది. చూడని మనిషికి జబ్బు అంటగట్టకూడదంది. నాకు ఆ పద్ధతి నచ్చింది.

సీనియర్ డాక్టర్ ఎక్స్‌రేలు చూసి చెప్పిన పేరు పొడుగ్గా ఉంది: ప్రోగ్రెసివ్ సూడోరుమటాయిడ్ డిస్‌ప్లేసియా. పైకి కీళ్లవాతంలా కనిపిస్తుంది, కానీ కీళ్లలో మంట ఉండదు. ఎముకల చివర ఉండే మృదులాస్థి నిలబడక అరుగుతూ పోతుంది. పుట్టినప్పుడు బాగానే ఉండి, ఎక్కువమందిలో మూడు నుంచి ఆరేళ్ల మధ్య బయటపడుతుంది. 1980ల మొదట్లో దీన్ని విడి జబ్బుగా గుర్తించారు. కారణమైన జన్యువు 1999లో దొరికింది. అప్పుడు విస్ప్3 అనేవారు, ఇప్పుడు సీసీఎన్6 అంటున్నారు. ప్రపంచంలో చాలా అరుదు. మన దేశంలో మాత్రం, మేనరికాలున్న చోట, అంత అరుదు కాదు. మన దేశపు కుటుంబాల్లో ఈ జన్యువుని పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఉప్పల్‌లో ఉన్న సీడీఎఫ్‌డీ పరిశోధకులూ ఉన్నారు. డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం అని పేపర్లో చదివి నేరస్తుల్ని పట్టుకునే చోటనుకున్నా ఇన్నాళ్లూ. జబ్బుల నిర్ధారణ కూడా దాని పేరులోనే ఉంది. నిమ్స్ జెనెటిక్స్ వాళ్లూ సీడీఎఫ్‌డీ వాళ్లూ కలిసి పనిచేస్తారు.

మమ్మల్ని పరిశోధనలో చేరతారా అని అడిగారు. ఒప్పుదల పత్రం తెలుగులో ఉంది. తెలుగులో ఉంది కానీ అర్థమయ్యే తెలుగులో లేదు, అది వేరే విషయం. పక్కన కూర్చుని ఒక్కో పేరా విడమర్చి చెప్పిన కౌన్సెలర్ లేకపోతే మేం కళ్లు మూసుకుని సంతకాలు పెట్టి వచ్చేవాళ్లం. ఆ అమ్మాయి అలా పెట్టనివ్వలేదు. పాప పేరు బదులు ఒక కోడ్ నంబర్ ఉంటుంది. ఎప్పుడు వద్దనుకున్నా తప్పుకోవచ్చు, తప్పుకున్నారని వైద్యం ఆపరు. పాపకి దీనివల్ల నేరుగా మేలు జరగకపోవచ్చు అని అక్షరాలా రాసుంది. మా ఆయన ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడు. "మరి మనకెందుకు?" అన్నాడు తెగేసి. కౌన్సెలర్ నొచ్చుకోలేదు. "అందుకే ముందే రాస్తాం సార్" అంది.

తర్వాత అవును, కాదు అని టిక్కు పెట్టాల్సినవి. మిగిలిన డీఎన్‌ఏ దాచుకోవచ్చా? అవును. వేరే పరిశోధనకి వాడొచ్చా? అవును. చేతుల ఫొటోలు తీసి ప్రచురించొచ్చా? అవును, మొహం లేకుండా. మొహం? ఇద్దరం ఒకేసారి కాదన్నాం.

పెద్దవాళ్ల సంతకాలయ్యాక కౌన్సెలర్ కుర్చీ పాప వైపు తిప్పుకుంది. ఏడేళ్లు దాటిన పిల్లల్ని కూడా అడగాలని వైద్య పరిశోధనల జాతీయ మండలి ఐసీఎంఆర్ నియమమట. ఏడు నుంచి పన్నెండు దాకా నోటిమాట చాలు, ఆ పైన రాతపూర్వకంగా తీసుకోవాలి. "నీ వేళ్లు ఎందుకిలా అయ్యాయో కనుక్కోవడానికి కొంచెం రక్తం కావాలి, ఇస్తావా?" అని అడిగింది. పాప, "ఇస్తే ఆదివారం మాత్ర ఆపేస్తారా?" అంది. ఆ అమ్మాయి నా వైపు చూసింది. "అది ఇప్పుడే చెప్పలేను రా. కానీ ఈ పరీక్ష ఫలితం వస్తే డాక్టర్‌కి చెప్పడం తేలికవుతుంది" అంది. పిల్లల్ని ఊరుకోబెట్టడానికి ఆపేస్తాంలే అని ఎవరైనా అనేస్తారు, నేనైనా అనేదాన్నే. పాప కాసేపు ఆలోచించి ఎడమచెయ్యి చాపింది. ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టాల్లో ముగ్గురి రక్తం తీసుకున్నారు.

రిపోర్టు రావడానికి నెలలు పట్టింది. పరిశోధన కింద చేసే పరీక్ష కాబట్టి డబ్బు అడగలేదు, తొందరపెట్టే హక్కూ మనకి ఉండదు. తొందరున్నవాళ్లు బయట ల్యాబుల్లో వేలకి వేలు పోసి చేయించుకుంటారు. ఈలోగా మాత్రల సంగతి ఏంటని అడిగితే, వాతం కాదని తమకి దాదాపు నమ్మకమే కానీ పిల్లల వాతం డాక్టర్‌తో మాట్లాడకుండా ఏదీ ఆపొద్దన్నారు. ముఖ్యంగా స్టెరాయిడ్. అది ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. కాబట్టి ఆదివారాలు అలాగే నడిచాయి.

రిపోర్టు ఇచ్చిన రోజు కాగితంతో పాటు కంప్యూటర్ తెర కూడా చూపించారు, నేను అడిగితేనే. డీఎన్‌ఏని నాలుగు రంగుల కొండల వరసలా చూపిస్తుంది ఆ యంత్రం. డీఎన్‌ఏలో ఉండే నాలుగు అక్షరాలకి నాలుగు రంగులు: ఏ ఆకుపచ్చ, సీ నీలం, జీ నలుపు, టీ ఎరుపు. పక్కపక్కనే మా ముగ్గురి వరసలు. చాలా దూరం మూడూ అచ్చం ఒకటే. ఒక్కచోట ఆగి వేలు పెట్టారు. మా ఆయన వరసలో అక్కడ ఆకుపచ్చ, నీలం రెండు శిఖరాలు ఒకదాని మీద ఒకటి, రెండూ సగం ఎత్తులో. నా వరసలోనూ అంతే. పాప వరసలో ఆకుపచ్చ ఒక్కటే, నిటారుగా. సీ ఉండాల్సిన చోట ఏ ఉంది. ఈ జన్యువు ప్రతివాళ్లలో రెండు కాపీలుంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మా ఇద్దరిలో ఒక్కో కాపీ బాగుంది, ఒక్కోటి చెడింది. పాపకి ఇద్దరి దగ్గర్నుంచీ చెడినదే వచ్చింది. ఆ ఒక్క అక్షరం మార్పుతో అక్కడ ఆగమనే సంకేతం తయారైంది. 354 అమైనో ఆమ్లాల పొడవుండాల్సిన ప్రోటీన్ 52వ దగ్గరే ఆగిపోతుంది. మన దేశంలో ఈ జబ్బున్న పిల్లల్లో మళ్లీ మళ్లీ కనిపించే మార్పే ఇది, కొత్తదేం కాదన్నారు. కొత్తదైతే ఇదే కారణమా కాదా అని ఇంకా తేల్చుకోవాల్సి వచ్చేదట. అప్పటికే రక్తమిచ్చిన ఆ ముందటి కుటుంబాల వల్ల మా పని తేలికైంది. మరి మనకెందుకు అన్న మా ఆయన ఆ రోజు ఏమీ మాట్లాడలేదు.

రిపోర్టు చూశాక ముందు మెథోట్రెక్సేట్ ఆపారు. స్టెరాయిడ్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చి అదీ ఆపారు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఈ జబ్బులో దేనికీ పనికిరావు, పైగా కాలేయానికీ ఎముకలకీ భారం. పాప రెండేళ్లు మింగిన మాత్రలు దేనికీ కాకుండా పోయాయి. మొదటి ఆసుపత్రి మీద కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఈ జబ్బున్న పిల్లల్లో చాలామంది ముందు వాతం మందులు వాడి వచ్చినవాళ్లేనని డాక్టర్ చెప్పాక కోపం కాస్త మళ్లింది. ఆ రెండింటికీ తేడా వెన్నెముక ఎక్స్‌రేలో కనిపిస్తుంది. చేతులు నొప్పంటే చేతులే తీస్తారు, అదీ చిక్కు.

మందు లేదు కానీ చేయాల్సినవి లేకపోలేదు. కీళ్లు బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ, ఈత, బరువు పెరగనివ్వకపోవడం. ఎగరడాలు, దూకడాలు తగ్గించాలి. ఇంట్లో పాశ్చాత్య టాయిలెట్. బడిసంచిలో పుస్తకాలు సగం. చాలామందికి పెద్దయ్యాక, కొందరికి ఇరవైల్లోనే, తుంటి కీలు మార్చాల్సి వస్తుంది. ఈ మాట విన్నాక రెండు వారాలు నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు సయిస్తోంది.

మాకు మూడేళ్ల బాబు కూడా ఉన్నాడు. వాడికీ రక్తం తీసేయండి, ఒక పనైపోతుంది అన్నాడు మా ఆయన. వద్దన్నారు. ముందే తెలిస్తే మొదలుపెట్టే మందు ఉంటే చేసేవాళ్లమన్నారు. లేదు కాబట్టి, ఆరు నెలలకోసారి వేళ్లు, ఎత్తు చూద్దాం, అనుమానమొస్తే ఆ రోజే చేద్దాం. జబ్బు లేకుండా కేవలం ఒక్క చెడ్డ కాపీ మోస్తున్నాడా అన్నది వాడు పెద్దయ్యాక వాడే అడగాల్సిన ప్రశ్న, మనం కాదు. ఇక్కడ మా ఆయనకీ నాకూ పడలేదు. తెలుసుకుంటే పీడా పోతుందంటాడు. తెలుసుకుని రోజూ వాడి వేళ్లనే చూస్తూ కూర్చోవడం పీడ కాదా అంటాను. అలాగని చూడకుండా ఉంటున్నానా అంటే, లేదు, స్నానం చేయించేటప్పుడు చూస్తూనే ఉన్నా. లెక్క మాత్రం వేసుకున్నా. జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. రాకపోతే మోసేవాడయ్యే అవకాశం సగం కాదు, మూడింట రెండు, ఎందుకంటే జబ్బున్న వాటా లెక్కలోంచి పోయింది కదా. పదో తరగతి పిల్లలకి సంభావ్యత చెప్పేటప్పుడు ఇలాంటి లెక్క నేనెప్పుడూ ఇవ్వలేదు.

ఇక మేనరికం. రిపోర్టు సంగతి చెప్పగానే అత్తమ్మ, "తరతరాల సంది ఇట్లనే చేసుకుంటున్నం, ఎవ్వలికేమైంది?" అంది. ఆమె మాటలో తప్పు పట్టలేం. కౌన్సెలర్ చెప్పిన లెక్క కూడా అలాగే ఉంది. ఎవరికైనా పుట్టే పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక లోపం ఉంటుంది, బావామరదళ్ల పెళ్లిలో అది దాదాపు రెట్టింపు. అంటే ఎక్కువమంది బాగానే పుడతారు. అందుకే ఊరందరి అనుభవమూ ఏం కాలేదనే చెబుతుంది. బావామరదళ్ల జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఒకే చోట నుంచి వచ్చినవి, మేనమామ మేనకోడళ్లవైతే నాలుగో వంతు. అప్పుడప్పుడూ ఒకే చెడ్డ కాపీ రెండు దార్లలో వచ్చి ఒకే బిడ్డలో కలుస్తుంది. మా నాయనమ్మ, తాతయ్యల్లో ఒకరి నుంచి మా నాన్నకీ, అత్తమ్మకీ వచ్చింది. అక్కడి నుంచి మా ఇద్దరికీ.

మేనరికం మానేస్తే సరిపోతుందా అంటే అదీ పూర్తిగా కాదట. హబ్సిగూడలోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ బృందం, అమెరికా పరిశోధకులతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల్ని చూస్తే, 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగి, లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినట్టు తేలింది. బయటి సంబంధమే అనుకున్నా కులం లోపలే అయితే ఎక్కడో వెనక కలుస్తుంది. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ అప్పుడు మత్తుతో పాటు కండరాలు వదులు కావడానికి ఇచ్చే ఒక మందు తొందరగా దిగకపోవడానికి కారణం ఇలాంటిదే. మా స్టాఫ్‌రూంలో ఇది చెబితే నలుగురు నన్ను కులద్రోహిలా చూశారు.

అసలు గొడవ ఇక్కడ కాదు. మా తమ్ముడికి మా ఆడబిడ్డని ఇచ్చి కుండమార్పిడి చేయాలని పెద్దవాళ్లు ఎప్పుడో అనుకున్నారు. పాప రిపోర్టు వచ్చేసరికి కట్నాల మాటలు కూడా అయిపోయాయి. నేను కాగితం మీద లెక్క వేశా. తమ్ముడు మోస్తుండే అవకాశం సగం, ఆడబిడ్డది సగం, ఇద్దరూ మోస్తే బిడ్డకి నాలుగో వంతు. మొత్తం పదహారింట ఒకటి. "పదహారింట ఒకటే కదా" అన్నాడు నాన్న. ఆదివారం మాత్ర మింగి వాంతి చేసుకున్నది ఆ ఒకటే నాన్నా, అన్నా. ఆయన లేచి వెళ్లిపోయాడు.

ఇద్దరికీ పరీక్ష చేయించాలంటే అత్తమ్మ ససేమిరా అంది. "పిల్లకి ఏదో ఉందని ఊర్లె తెలిస్తే రేపు సంబంధం వచ్చుడెట్ల?" పిల్లవాడి గురించి ఆ భయం ఎవరికీ లేదు గమనించారా. కౌన్సెలర్ దగ్గర దానికో దారి దొరికింది. ఇద్దరికీ ఒకేసారి అక్కర్లేదు. ఒకరికి లేదని తేలితే చాలు, రెండోవాళ్లకి చేయనే అక్కర్లేదు. ముందు అబ్బాయికి చేయండి. తమ్ముడు బతిమాలించుకోకుండానే వచ్చి రక్తమిచ్చాడు. మోస్తున్నాడని వచ్చింది. వాడికి ఆరోగ్యపరంగా ఏ ఇబ్బందీ లేదు, ఎప్పటికీ ఉండదు. లెక్క మాత్రం ఎనిమిదింట ఒకటి అయింది.

తర్వాత ఏం జరిగిందంటే, గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మా ఆడబిడ్డ ఎవరికీ చెప్పకుండా సెలవు పెట్టి వెళ్లి పరీక్ష చేయించుకుంది. ఫలితం తన చేతికే ఇచ్చారు. మా ఆయన, నేను, తమ్ముడు, ఎవరు అడిగినా ఆసుపత్రి వాళ్లు చెప్పరు. మా ఆయన ఒకసారి అడిగి చూశాడు కూడా. కొన్నాళ్లకి ఒక పండక్కి ఇంటికొచ్చి భోజనాలయ్యాక, "ఈ సంబంధం నాకొద్దు" అంది, అంతే. పరీక్షలో వచ్చిందా, లేక ముందు నుంచీ ఇష్టం లేదా, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నేనూ అడగలేదు. అత్తమ్మ రెండు నెలలు నాతో ముభావంగా ఉంది, నావల్లే చెడిందని. కాబోలు.

సర్కారు సాయం గురించి చాలామంది అడుగుతున్నారు. అరుదైన జబ్బుల జాతీయ విధానం 2021లో వచ్చింది, 2022లో సాయాన్ని 50 లక్షల దాకా పెంచారు. దాని కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాద్‌ది సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒకటి. కానీ ఆ డబ్బు చికిత్స ఉన్న జబ్బులకి. మా పాపకి ఇవ్వడానికి మందే లేదు కాబట్టి ఆ జాబితాలోకి రాదు. వైకల్యం సర్టిఫికెట్‌కి (సదరం అని అలవాటుగా అనేది) మాత్రం వెళ్లొచ్చు. వికలాంగుల 2016 చట్టంలో ఉన్న 21 రకాల్లో కాళ్లు చేతుల కదలిక లోపం ఉంది. పరీక్షల్లో అదనపు సమయానికి అది పనికొస్తుంది. మా అత్తమ్మకి ఆ కాగితం పేరు ఇంట్లో ఎత్తడమే ఇష్టం లేదు. అది తీయిస్తున్నా.

పరిశోధన వాళ్లు ఏటా ఒకసారి రమ్మంటారు. మళ్లీ అవే కొలతలు, మెట్లెక్కించి చూడటం, పిడికిలి ఎంత మూసుకుంటుందో కొలవడం. ఈ పిల్లలు ఏ వయసులో ఎంత కదలగలుగుతున్నారో పక్కాగా తెలిస్తేనే రేపు ఏదైనా మందు వస్తే పనిచేస్తోందో లేదో తేల్చగలరట. పోయినసారి పాప, "ఇంకెన్నాళ్లు కొలుస్తారు?" అని విసుక్కుంది. పన్నెండేళ్లు వచ్చాక కాగితం మీద నీ సంతకం కూడా కావాలి, వద్దంటే ఆపేస్తామంది కౌన్సెలర్. పాప ఆ మాట గట్టిగా పట్టుకుంది, బస్సెక్కి సీటు కోసం గొడవైనా, ఇంట్లో కాకరకాయ వండినా, పన్నెండేళ్లు రానీ అని బెదిరిస్తోంది.

ఎవరైనా పిల్లల్ని తీసుకుని ఇలాంటి విభాగానికి వెళ్లేవాళ్లుంటే, పాత ఎక్స్‌రే ఫిల్ములు తీసుకెళ్లండి, రిపోర్టు కాగితాలు ఒక్కటే చాలవు. టీకాల కార్డు, స్కూలు హెల్త్ కార్డు ఉంటే పట్టుకెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లతో ముందే మాట్లాడి, చిన్నప్పుడే పోయిన పిల్లలు, కర్ర పట్టుకుని నడిచిన మామలు ఎవరైనా ఉన్నారా కనుక్కుని రాసుకోండి. ఫోన్ చార్జింగ్ పెట్టుకోండి, అక్కడ కూర్చున్నాక ఊరికి ఫోన్ చేయక తప్పదు. ఉదయం తొందరగా వెళ్లండి.